స్పైడర్‌మ్యాన్ బ్యాగు డబ్బు ఎవరికి చేరుతుంది?

బడులు తెరిచే ముందు జూన్‌లో విజయవాడ బీసెంట్ రోడ్డంతా స్కూలు బ్యాగులే. దుకాణాల గుమ్మాలకు, తోపుడు బండ్ల కొక్కేలకు వేలాడే ఆ బ్యాగుల్లో చాలావాటి మీద ఎర్ర ముసుగు, తెల్ల కళ్లు, సాలెగూడు గీతలు కనిపిస్తాయి. స్పైడర్‌మ్యాన్ సినిమా ఒక్కటి కూడా పూర్తిగా చూడని పిల్లవాడు సైతం ఆ బ్యాగే కావాలని మారాం చేస్తాడు. ఆ బొమ్మ ఎవరిది? దాని మీద వచ్చే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

సినిమా సోనీది. బ్యాగు మీది బొమ్మ డిస్నీది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పార్కుకు వెళ్లి స్పైడర్‌మ్యాన్ రైడ్ ఎక్కితే ఆ టికెట్టు డబ్బు యూనివర్సల్ అనే మరో సినిమా సంస్థది. ఒకే పాత్రకు ముగ్గురు యజమానులు. పెద్ద మీడియా సంస్థల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క చిక్కుముడి విప్పితే చాలావరకు సరిపోతుంది.

ఈ పాత్రను పుట్టించిన మార్వెల్ కామిక్స్ సంస్థ 1996లో దివాలా రక్షణ కోరింది. డబ్బు అవసరంలో ఉన్న ఆ దశకంలో అది తన పాత్రల హక్కులను ముక్కలు చేసి అమ్ముకుంది. దివాలాకు ముందే, 1994లో, కొన్ని పాత్రల పార్కు హక్కులు అప్పటి యూనివర్సల్ మాతృసంస్థకు వెళ్లాయి. 1999లో స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు సోనీకి వెళ్లాయి. డిస్నీ 2009లో 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనే ఒప్పందం చేసుకునేసరికి ఆ ముక్కలు అప్పటికే పరుల చేతుల్లో ఉన్నాయి. 2011లో డిస్నీ సోనీతో బేరమాడి, బొమ్మలు, బట్టలు, బ్యాగుల మీద సోనీకి ఉన్న వాటాను కొనేసింది. సినిమా మాత్రం సోనీకే వదిలింది. కాబట్టి ఇప్పుడు స్పైడర్‌మ్యాన్ సినిమా విడుదలైతే నిర్మాణ ఖర్చు, ప్రచార భారం, ఆడుతుందో లేదో అన్న బెంగ చాలావరకు సోనీవే. ఆ సందడిలో అమ్ముడయ్యే బ్యాగుల రాయల్టీ, అంటే అమ్మకాల మీద హక్కుదారుడి వాటా, డిస్నీది.

పార్కు ఒప్పందం ఇంకా విచిత్రం. మిసిసిపీ నదికి తూర్పున స్పైడర్‌మ్యాన్ సహా ముఖ్యమైన మార్వెల్ పాత్రలను యూనివర్సల్ తన పార్కులో వాడుకోవచ్చు. అందుకే డిస్నీకి ఫ్లోరిడాలో ఎంత పెద్ద పార్కు ఉన్నా అక్కడ తన సొంత పాత్రకు రైడ్ కట్టుకోలేదు. నదికి పడమరన ఉన్న కాలిఫోర్నియాలో కట్టుకోగలిగింది, 2021లో తెరిచింది కూడా.

వెండితెర మీద కనిపించే కథ ఈ వ్యాపారంలో ఒక భాగమే. అసలు ఆస్తి పాత్ర మీది హక్కు. ఆ హక్కును ఎవరు, ఎన్ని ముక్కలుగా, ఎంత దూరదృష్టితో పట్టుకున్నారన్న దాని మీదే మిగతాదంతా నిలబడుతుంది. డిస్నీ ఈ పాఠాన్ని దెబ్బ తిని నేర్చుకుంది. 1927లో వాల్ట్ డిస్నీ ఆస్వాల్డ్ అనే కుందేలు పాత్రతో కార్టూన్లు తీశాడు. అవి బాగా ఆడాయి. 1928లో రేటు పెంచమని అడగడానికి న్యూయార్క్ వెళ్తే, కుందేలు నీది కాదు, యూనివర్సల్‌దని పంపిణీదారుడు తేల్చి చెప్పాడు. ఒప్పందంలో ఉన్నది అదే. పైగా ఆ పంపిణీదారుడు వాల్ట్ దగ్గరి చిత్రకారుల్లో చాలామందిని అప్పటికే తనవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత పుట్టిన మిక్కీ మౌస్ హక్కులను వాల్ట్ ఎవరికీ వదల్లేదు. ఆస్వాల్డ్ తిరిగి డిస్నీ చేతికి రావడానికి 2006 దాకా పట్టింది. అందుకు బదులుగా డిస్నీ తన టీవీ విభాగంలోని క్రీడా వ్యాఖ్యాత ఆల్ మైకేల్స్‌ను యూనివర్సల్ సోదర టీవీ సంస్థ ఎన్‌బీసీకి వదులుకుంది. కుందేలు బొమ్మ కోసం మనిషి ఒప్పందాన్ని మార్చుకోవడం ఈ రంగంలో హక్కు విలువ ఏమిటో చెబుతుంది.

వస్తువుల వ్యాపారం చాలా చిన్నగా మొదలైంది. 1929లో న్యూయార్క్ హోటల్లో ఒకాయన వాల్ట్‌ను కలిసి, పిల్లల రాత పుస్తకాల అట్టల మీద మిక్కీని వేసుకోనిస్తే 300 డాలర్లు ఇస్తానన్నాడు. స్టూడియోకు అప్పుడు డబ్బు అవసరం, సరే అన్నాడు. 1932లో కే కేమెన్ అనే ప్రచార నిపుణుడికి లైసెన్సుల పని పూర్తిగా అప్పగించాక వ్యవహారం ఒక పద్ధతిలో పడింది. 1933లో వచ్చిన మిక్కీ చేతి గడియారం, మాంద్యంలో మునిగిపోతున్న గడియారాల కంపెనీని ఒడ్డున పడేసింది.

అయితే సినిమా కంటే బొమ్మే పెద్దదని పరిశ్రమకు గట్టిగా తెలిసింది 1977లో. స్టార్ వార్స్ తీసేటప్పుడు దర్శకుడు జార్జ్ లూకాస్ పారితోషికం పెంచమని పట్టుబట్టకుండా, తరువాతి భాగాలు తీసే హక్కు, వస్తువుల మీద హక్కు తనకు కావాలన్నాడు. ఆ రోజుల్లో వాటికి పెద్ద విలువ లేదని స్టూడియో ఒప్పుకుంది. సినిమా విరగబడి ఆడింది. బొమ్మల హక్కులు తీసుకున్న కెన్నర్ కంపెనీ ఆ వేగానికి సిద్ధంగా లేదు. క్రిస్మస్‌కు బొమ్మలు తయారు కావని తెలిసి ఆ కంపెనీ బొమ్మల్లేని అట్ట కవరును అమ్మింది. అందులో బొమ్మలు నిలబెట్టుకునే ఒక అట్ట, కొన్ని స్టిక్కర్లు, ఒక పత్రం ఉంటాయి. ఆ పత్రం నింపి పంపితే కొత్త సంవత్సరంలో నాలుగు బొమ్మలు తపాలాలో ఇంటికి వస్తాయి. తల్లిదండ్రులు దాన్ని కొన్నారు, పిల్లలు ఎదురుచూశారు. రాబోయే బొమ్మ మీది ఆశకే డబ్బు పుట్టిన సంవత్సరమది. 2012లో లూకాస్ తన సంస్థను డిస్నీకి అమ్మినప్పుడు ధర 405 కోట్ల డాలర్లు. ఆ ధరలో చాలా భాగం తొలి ఒప్పందంలో ఆయన వదులుకోని హక్కులదే.

లైసెన్సు లెక్క విజయవాడ గాంధీనగర్‌లో సినిమా ఆఫీసులు నడిపినవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. కృష్ణా ఏరియా హక్కులు కొనేవాడు నిర్మాతకు మినిమం గ్యారంటీ కట్టినట్టే, బొమ్మల కంపెనీ కూడా పాత్ర యజమానికి ముందే కొంత మొత్తానికి పూచీ పడుతుంది. ఆపైన అమ్మకాల మీద రాయల్టీ ఇస్తుంది. అది సాధారణంగా టోకు ధర మీద 5 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. దుకాణంలో 600 రూపాయలు పలికే బ్యాగు టోకు ధర 300 అనుకుంటే, పది శాతం చొప్పున పాత్ర యజమానికి వచ్చేది 30 రూపాయలు. వినడానికి చిన్న మొత్తం. కానీ ఆ 30 కోసం అతడు ఫ్యాక్టరీ పెట్టలేదు, గుడ్డ కొనలేదు, లారీ మాట్లాడలేదు. అమ్ముడుపోని సరుకు గోదాములో పడి ఉంటే ఆ నష్టం తయారీదారుడిది. రంగు ఏది, ముఖం ఎటు తిరగాలి, పాత్ర ఎవరి పక్కన నిలబడవచ్చు అన్నవి మాత్రం యజమాని రాసిచ్చిన నిబంధనల పుస్తకం ప్రకారమే జరగాలి. లైసెన్సు ఉన్న సరుకు లేబుల్ మీద సాధారణంగా హక్కుదారుడి పేరు ఉంటుంది. చాలాసార్లు మెరిసే హోలోగ్రాం స్టిక్కర్ కూడా ఉంటుంది. ఇవేవీ లేని బ్యాగు మీద సాధారణంగా పాత్ర యజమానికి రూపాయి వెళ్లదు.

ఈ రంగం గురించి రాసే వార్తల్లో ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది: దుకాణాల అమ్మకాలనే పాత్ర యజమాని ఆదాయమనుకోవడం. 2006లో వచ్చిన కార్స్ అనే యానిమేషన్ చిత్రం ప్రపంచవ్యాప్తంగా టికెట్ల మీద సుమారు 46 కోట్ల డాలర్లు వసూలు చేసింది. తరువాతి ఐదేళ్లలో ఆ పాత్రల వస్తువుల అమ్మకాలు దాదాపు 1,000 కోట్ల డాలర్లని వార్తలు వచ్చాయి. ఆ రెండో అంకె దుకాణాల గల్లా లెక్క. డిస్నీకి చేరింది అందులో చిన్న వంతు. అయినా ఆ వంతు చాలా పెద్దదే. కార్లే పాత్రలైన సినిమా కాబట్టి బొమ్మకూ పాత్రకూ తేడా లేదు. పిల్లవాడు ఒక్క కారుతో ఆగడు, వరుసగా అన్నీ కావాలంటాడు. 2011లో రెండో భాగం వచ్చింది, 2012లో కాలిఫోర్నియాలోని డిస్నీ పార్కులో ఆ సినిమాలోని ఊరినే కట్టి తెరిచారు. మొదటి సినిమా డిస్నీ యానిమేషన్ స్టూడియో పిక్సార్ తీసినవాటిలో గొప్పదని విమర్శకుల్లో చాలామంది అనలేదు. దాని బలం బొమ్మల అరలో ఉంది.

పార్కుల కథ టీవీతో ముడిపడి ఉంది. 1950లలో డిస్నీలాండ్ కట్టడానికి వాల్ట్‌కు డబ్బు చాలలేదు. కొత్త టీవీ సంస్థ ఏబీసీ 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, 45 లక్షల డాలర్ల అప్పులకు హామీగా నిలిచింది. బదులుగా వాల్ట్ వారం వారం ఒక టీవీ కార్యక్రమం చేసిపెట్టాలి. ఆ కార్యక్రమం పేరు కూడా డిస్నీలాండే. పార్కు ఎలా కడుతున్నారో 1954 నుంచి అందులో చూపించారు. మధ్యలో డేవీ క్రాకెట్ అనే అడవి వీరుడి కథ ప్రసారమైతే, అతని తలమీది జంతు చర్మపు టోపీ కోసం అమెరికా పిల్లలంతా ఎగబడ్డారు. 1955 జూలై 17న పార్కు తెరిచేసరికి దానికి ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారు. ఆ ప్రచారానికి డబ్బు కట్టింది టీవీ సంస్థ. 1957లో డిస్నీ స్టూడియో ఈ వ్యాపారాన్ని ఒక కాగితం మీద బొమ్మగా గీసుకుంది. మధ్యలో సినిమా, చుట్టూ టీవీ, పాటల రికార్డులు, పుస్తకాలు, బొమ్మలు, పార్కు, వాటన్నింటి మధ్య అటూ ఇటూ బాణాలు. ఏ విభాగం దేనికి సరుకు ఇస్తుందో, దేని నుంచి పుచ్చుకుంటుందో ఆ బాణాల మీద రాసి ఉంది. దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆ పటం పాతబడలేదు.

2024 ఆర్థిక సంవత్సరంలో డిస్నీ పార్కులు, ఓడ విహారాలు, హోటళ్లు, వస్తువుల లైసెన్సులు కలిసిన విభాగం ఆదాయం సుమారు 3,415 కోట్ల డాలర్లు, నిర్వహణ లాభం సుమారు 927 కోట్లు. సంస్థ విభాగాలన్నింటి నిర్వహణ లాభంలో అది పదింట ఆరు వంతులు. పార్కులు, ఓడల మీద పదేళ్లలో 6,000 కోట్ల డాలర్లు పెడతామని 2023లో ప్రకటించడానికి కారణం ఇలాంటి లెక్కే. సొంత డబ్బు పెట్టకుండా కూడా పార్కు నడుస్తుంది. 1983లో తెరిచిన టోక్యో డిస్నీలాండ్ ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీది. డిస్నీ అక్కడ రాయల్టీ పుచ్చుకుంటుంది.

పార్కులో వస్తువు ఎలా అమ్ముడవుతుందో ఒకచోట నిలబడి చూస్తే మొత్తం పద్ధతి అర్థమవుతుంది. హ్యారీ పోటర్ సినిమాలు వార్నర్ సంస్థవి. ఫ్లోరిడాలో పార్కు ఉన్నది యూనివర్సల్‌కు. రెండూ ఒప్పందం చేసుకుని కట్టిన పోటర్ ఊరు 2010 జూన్‌లో తెరుచుకుంది. అక్కడ మంత్రదండాల దుకాణం ఉంది. చీకటి గదిలోకి కొద్దిమందినే పంపుతారు. దుకాణదారు వేషంలో ఉన్న నటుడు ఒక పిల్లను ఎంచుకుని దండం చేతికిస్తాడు. తప్పు దండం తాకితే అరల్లోని పెట్టెలు కదులుతాయి. సరైనది చేతికి రాగానే ఆ పిల్ల మీద వెలుగు పడుతుంది. దండం మనిషిని ఎంచుకుంటుందన్నది కథలోని మాట. వెలుగు ఆరిన తర్వాత తలుపు అమ్మకాల గదిలోకి తెరుచుకుంటుంది. తనను ఎంచుకున్న దండాన్ని అక్కడ వదిలేసి రమ్మని ఏ తండ్రి చెప్పగలడు? 2014 నుంచి మరో అడుగు వేశారు. ఆ దండాన్ని వీధిలోని కొన్ని కిటికీల ముందు చెప్పిన తీరులో తిప్పితే లోపలి వస్తువులు కదులుతాయి. దాంతో దండం కొనడమంటే ఆటలో చోటు కొనడమైంది.

ఇదంతా చూసి మురిసిపోవడమే కాదు, భయపడవలసినదీ ఉంది. బొమ్మ కథను శాసించడం మొదలుపెడితే కథ చచ్చిపోతుంది. 2013 నాటి ఐరన్ మ్యాన్ మూడో భాగంలో ప్రతినాయకి పాత్రను రాసుకుని, ఆడ బొమ్మ అమ్ముడుపోదన్న కారణంతో మగవాడిగా మార్చవలసి వచ్చిందని దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో బయటపెట్టాడు. అంతకుముందు 1980లలో అమెరికా టీవీలో బొమ్మలు అమ్మడానికే కార్టూన్లు తీసే ధోరణి ప్రబలింది. చివరికి 1990లో పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల నిడివికి చట్టం హద్దు పెట్టింది. హంగు మితిమీరినా దెబ్బే. స్టార్ వార్స్ ఓడలో బతుకుతున్నట్టు అనిపించే హోటల్ ఒకటి డిస్నీ 2022 మార్చిలో ఫ్లోరిడాలో తెరిచింది. గది ధర మామూలు కుటుంబాలకు అందలేదు. 2023 సెప్టెంబరులో మూసేశారు.

ఇక మన సంగతి. విజయవాడ 1921లోనే మారుతీ సినిమా హాలు వెలసిన ఊరు. దశాబ్దాల పాటు ఆంధ్ర ప్రాంత పంపిణీకి గాంధీనగర్ గుండెకాయ. సినిమా మీద మనకున్నంత ప్రేమ ప్రపంచంలో మరెక్కడైనా ఉందంటే నేను నమ్మను. కానీ ఆ ప్రేమ సినిమా తీసినవాళ్లకు తిరిగి చేరే దారి చాలా ఇరుకు. మన నిర్మాత ఏరియాల వారీగా హాలు హక్కులు అమ్ముతాడు. ఆపైన టీవీ, ఓటీటీ, పాటల హక్కులు అమ్ముతాడు. విడుదల నాటికే సినిమా ముక్కలైపోతుంది. టికెట్టు ధరకు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉత్తర్వే హద్దు, పెంచుకోవాలంటే అనుమతి కావాలి. అభిమాని చేతిలో ఇంకా డబ్బు ఉంటుంది. అది ఫ్లెక్సీకి, పూలదండకు, బాణసంచాకు, పాలాభిషేకానికి వెళ్తుంది. ఫ్లెక్సీ వేసేవాడి సంపాదన మీద నాకు అసూయ లేదు, అది కష్టార్జితమే. ఆ పాత్రను రాసినవాడికి, దానికి దుస్తులు గీసినవాడికి అందులో దక్కేది ఏమీ లేదన్నదే నా బాధ.

దీనికి అసలు కారణం బద్ధకమో అజ్ఞానమో కాదు. మన అభిమానం హీరో ముఖానిది, పాత్రది కాదు. ముసుగు తొడుక్కున్న స్పైడర్‌మ్యాన్ లోపల నటుడు మారినా బ్యాగు మీది బొమ్మ మారదు. మన దగ్గర చొక్కా మీద వేసేది నటుడి ముఖం. ఆ ముఖం నిర్మాతది కాదు. 2025లో ఢిల్లీ హైకోర్టు నాగార్జున పేరును, రూపాన్ని అనుమతి లేకుండా వాడుకోకుండా రక్షణ ఇచ్చింది. అంటే టీషర్టు అమ్మాలంటే నిర్మాత ముందుగా నటుడితో వాటా మాట్లాడుకోవాలి. నటుడు మరుసటి ఏడాది మరో సినిమాలో మరొకడవుతాడు, పాత పాత్ర హాల్లోనే ఆగిపోతుంది.

ముఖం అవసరం లేని చోట మాత్రం దారి తెరుచుకుంది. బాహుబలి రెండు భాగాలతో మాహిష్మతి అనే రాజ్యమే ఒక పేరైంది. శివగామి పూర్వకథతో నవల వచ్చింది, యానిమేషన్ సిరీస్‌లు వచ్చాయి. రామోజీ ఫిల్మ్ సిటీలోని ఆ సెట్టును ఇప్పటికీ కుటుంబాలతో వెళ్లి చూస్తున్నారు. విజయవాడలో పుట్టిన అశ్వనీదత్ సంస్థ 2024లో తీసిన కల్కి 2898 ఏడీలో బుజ్జి అనే వాహనం ఉంది. కోయంబత్తూరులో నిజంగా తయారు చేయించి, పలు నగరాలు తిప్పి జనానికి చూపించారు. విడుదలకు ముందే బుజ్జి మీద యానిమేషన్ కథ వదిలారు. దానికి గొంతు కీర్తి సురేశ్‌ది, ఆకారం ఎవరి ముఖమూ కాదు. తెలుగులో ఒక పెద్ద సినిమా నుంచి పిల్లవాడు చేతిలో పట్టుకుని ఆడుకోగల పాత్ర పుట్టిందంటే నాకు గుర్తొచ్చేది అదే.

వీటన్నింటికంటే ముందే ఈ ఆట తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. 2008లో పోగో టీవీలో మొదలైన ఛోటా భీమ్ గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టి. ఆ బొమ్మతో బ్యాగులు, సీసాలు, పుస్తకాలు చేయించి సొంత దుకాణాలు కూడా తెరిచారు. అందులో గమనించవలసింది పేరు. భీముడు అందరివాడు. మహాభారతం మీద ఎవరికీ రాయల్టీ లేదు. కాని లడ్డూ తిని బలం తెచ్చుకునే ఢోలక్‌పూర్ కుర్రవాడు, అతని నారింజ పంచె, అతని ముఖం గ్రీన్ గోల్డ్‌వి. స్నో వైట్ కథ కూడా అందరిదే. 1937లో డిస్నీ గీసిన ఆకారం మాత్రం డిస్నీది. పురాణాలే ఊపిరిగా ఉన్న మన సినిమాకు ఇంతకంటే దగ్గర దారి లేదు: అందరి కథలోంచి తనదైన ఆకారాన్ని పుట్టించి, దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవడం.

తయారీకి కూడా ఎక్కడికో పోనక్కరలేదు. విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల ముద్దతో, రంపపు పొట్టుతో అతుకులు పూడ్చి, రంగులద్ది దశావతారాలను, అంబారీ ఏనుగును చేసే చేతులున్నాయి. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2021 జనవరి నుంచి దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. అంటే ఒక తెలుగు నిర్మాత రేపు నమోదైన కళాకారుల చేత తన పాత్రను కొండపల్లి బొమ్మగా చేయించాలనుకుంటే ఆ నిబంధన అడ్డురాదు. అడ్డొచ్చేది విడుదల తేదీ. చెక్క ఆరాలి, నమూనాకు అనుమతి రావాలి, వేల బొమ్మలు చేతితో చేయాలి. దీనికి నెలలు పడుతుంది. ప్లాస్టిక్ బొమ్మకైతే అచ్చులు పోయించడం దగ్గర నుంచి దుకాణం చేరేదాకా ఏడాది పైమాటే. మన పెద్ద సినిమాలు సంక్రాంతి అని చెప్పి వేసవికి, వేసవి అని చెప్పి దసరాకు జరుగుతూ ఉంటాయి. ఆ తేదీని నమ్మి కళాకారుడు చెక్క కొనలేడు, కంపెనీ అచ్చు పోయలేదు. నటుడి ఒప్పందంలో వస్తువుల వాటా, రచయిత ఒప్పందంలో పాత్ర మీది రాయల్టీ, తేదీ జరిగితే తయారీదారుకు కట్టవలసిన పరిహారం: ఈ మూడూ షూటింగుకు ముందే కాగితం మీదికి రావాలి.